పహిల్వానుకు లాల పోసిన రోజు

మా వీధి చివర ఫిజియోథెరపీ చదివే పిల్లలు కొందరు అద్దెకుంటున్నారు. నేను ఒకప్పుడు చక్కెర మిల్లు డిస్పెన్సరీలో మాలిష్ అటెండరుగా పనిచేశానని ఎవరో చెప్పారట. పోయిన ఆదివారం వచ్చి నా మంచం చుట్టూ కూర్చున్నారు. "తాతా, మాలిష్‌లు ఎన్ని రకాలు? ఏది దేనికి వాడేవారు?" అని అడిగారు. చేతుల్లో కలాలు కూడా సిద్ధంగా పట్టుకున్నారు.

"రెండు రకాలు. మనిషిని లేపేది ఒకటి, పండబెట్టేది ఒకటి" అన్నాను.

కలాలు కదల్లేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ పుస్తకంలో పేజీల కొద్దీ రకాలున్నాయి మరి. మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు అట్లా వెళ్ళిపోవడం నాకేమీ నచ్చలేదు. నేను నోటికొచ్చింది అనలేదు. ఆ మాట వెనక ఇద్దరు పహిల్వాన్లు, ఒక పెళ్ళి, మా అవ్వ ఉన్నారు. అదేమిటో ఇప్పుడు రాస్తున్నాను, చదువుకోండి పిల్లలూ.

అరవైల్లో మాట. బోధన్ చుట్టూ అప్పుడు ఎటు చూసినా చెరుకే. మా ఊరు ఒక చక్కెర మిల్లు గోడకు ఆనుకొని ఉండేది. మిల్లు పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఉన్నవాళ్ళు తగువుకొస్తారు, పోయినవాళ్ళు రాలేరు, రెండూ న్యాయం కాదు. మాది మంగలి వృత్తి. బాపు గడ్డాలు గీసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, కాన్పులు చేసేది, బాలింతలకు ఒళ్ళు పట్టేది, పసిపిల్లలకు లాల పోసేది. ఊళ్ళో నడిచే ప్రతి మనిషీ తన కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకున్నవాడేనని అవ్వకు మహా గర్వం. ఎంత పెద్దమనిషి ఎదురైనా, "సూడు, పుట్టినప్పుడు పిడికెడంత ఉండె" అని అందరి ముందూ చెప్పేది.

నేను కత్తీ దువ్వెనా పట్టకుండా నిజామాబాదు పోయి ఒక తాలీంలో చేరాను. తాలీం అంటే కుస్తీలు నేర్పే చోటు. నాకు కుస్తీ రాలేదు. ఎవరితో కలబడినా వెల్లకిలా పడేవాణ్ణి. అది చూసీ చూసీ మా వస్తాదు, అంటే కుస్తీ గురువు, "నీకు పడుడే వస్తుంది బిడ్డా, పడగొట్టుడు రాదు. పడ్డోళ్ళ నడుములు సదురుపో" అని నూనె గిన్నె చేతికిచ్చాడు. అట్లా మాలిష్ నేర్చుకున్నాను. తర్వాత మిల్లు డిస్పెన్సరీకి గుంటూరు వైపు నుంచి ఒక డాక్టరు వచ్చారు. మందుబిళ్ళలతో నడుము నొప్పులు తగ్గడం లేదని ఆయన పైవాళ్ళతో పోట్లాడి, వెనక గది ఒకటి ఖాళీ చేయించి, నన్ను అందులో పెట్టారు.

డాక్టరుగారి దగ్గర బొమ్మలున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఆయన చదివి అర్థం చెప్పేవారు, నేను దానికి మా మాట తగిలించేవాణ్ణి. అరచేత్తో పొడుగునా నిమరడం ఒకటి. బాయిలర్ల దగ్గర నిలబడి కాళ్ళు వాచినవాళ్ళకు అది, పాదాల నుంచి పైకి. రొట్టెల పిండి పిసికినట్టు పిసకడం బస్తాలు మోసే హమాలీల భుజాలకు. బొటనవేలితో ఒకేచోట నొక్కి తిప్పడం గోనెసంచులు కుట్టేవాళ్ళ మణికట్లకు. చేతి అంచుతో తటతటా తట్టడం మొద్దుబారిన కండకు చురుకు పుట్టించడానికి. జ్వరమున్న ఒంటి మీద, ఎర్రగా వాచినచోట అసలు చెయ్యి వెయ్యకూడదు. ఇవన్నీ మీ పుస్తకాల్లోనూ ఉంటాయి.

అయితే నా చెయ్యి తాలీం చెయ్యి. నిమరడంతో మొదలుపెట్టినా చివరికి తట్టుడులోకే దిగేది. నా గదిలోంచి బయటకొచ్చినవాడు ఎవరితోనైనా కలబడదామా అన్నట్టు చూసేవాడు. హమాలీలకు అది బాగుండేది. బాగులేనిది ఒక్కరికే, మా లేబర్ ఆఫీసరుకు.

ఆయన హైదరాబాదు మనిషి. క్వార్టరు మిల్లు పక్కనే. చెరుకు ఆడే సీజనంతా రాత్రింబగళ్ళు మిల్లు చప్పుడు, షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కూత. ఆయనకు నిద్ర పట్టేది కాదు. సీజన్ మొదలయ్యేటప్పుడు మంచిమనిషి, సగం సీజనయ్యేసరికి కళ్ళు ఎర్రబడి, ముట్టుకుంటే మండిపడేవాడు. డాక్టరు బిళ్ళలిచ్చారు, పాలు తాగమన్నారు. చివరికి నా దగ్గరకు పంపారు. నేను తలకు నూనె పట్టించి చంపీ, అంటే తల మాలిష్, మొదలుపెట్టాను. కాసేపటికి ఆయన లేచి కూర్చుని, "ఏమయ్యా, నీ చెయ్యి పడితే నిద్ర వస్తలేదు, రోషం వస్తున్నది" అని నేరుగా ఆఫీసుకు పోయి ఇద్దరికి మెమోలిచ్చాడు. ఆ తర్వాత ఆయన తల ముట్టుకోవద్దని కార్మికులే నన్ను బతిమాలుకున్నారు.

ఇక పెళ్ళికొడుకు సంగతి. మా వాకిలికి ఎదురింటివాడు. మిల్లు యార్డులో బండ్ల మీది చెరుకు దించే సీజన్ కూలీ. ఆజానుబాహువు, అమాయకుడు. నేను పడడం తప్ప రాని కుస్తీని వాడికి నేర్పాను, ఎట్లా పడకూడదో నాకు బాగా తెలుసు కాబట్టి. వాడు మూడు తాలూకాల జాతర్లలో గెలిచాడు. మోస్రా వైపు పిల్లను చూశారు. పిల్లకు వాడు నచ్చాడు, వాడికి పిల్ల నచ్చింది. పిల్ల తండ్రికి మాత్రం వాడి కొలువు నచ్చలేదు.

"ఎండకాలం చెరుకుండది, మిల్లుండది. మరి నా బిడ్డ ఏం దినాలె? వీని కండలా?" అన్నాడాయన. "పర్మనెంటు అయితేనే పిల్లనిస్త. లేకుంటే రాం రాం."

లేబర్ ఆఫీసరుకు కుస్తీలంటే పిచ్చి. ఆ ఏడు మిల్లు ఆటల పోటీల్లో నిజామాబాదు తాలీం పహిల్వానును పిలిపించి మావాడితో జోడీ కట్టించాడు. "టౌను పహిల్వాన్ను మనోడు చిత్ చేస్తే పర్మనెంటు చేస్త" అని నలుగురి ముందూ అన్నాడు. చిత్ చేయడమంటే ఎదుటివాడి వీపు మట్టికి ఆనించడం. తీరా చూస్తే పంతులుగారు కుస్తీ మర్నాడే ముహూర్తం పెట్టారు. అది దాటితే మూఢమట, నెలల తరబడి ముహూర్తాలు లేవట. పిల్ల తండ్రి ఆలోచించి ఒక ఒప్పందానికి వచ్చాడు.

"సరే, మీరు నలుగు పెట్టుకోండ్రి, పందిరేసుకోండ్రి. నేను పిల్లను తోలుకొని వస్త. కుస్తి నా కండ్లతోని సూస్త. గెలిస్తే తెల్లారి లగ్గం. ఓడితే గట్లనే బండి మలుపుకొని పోత."

పెళ్ళికొడుకును చేసిన తర్వాత వాడు ఊరి పొలిమేర దాటకూడదు కదా అని ముసలివాళ్ళు ఒక అడ్డం పెట్టారు. మిల్లు మైదానం పొలిమేర లోపలే ఉంది కాబట్టి ఆ గండం తప్పింది. అసలు గండం మా ఇంట్లోనే ఉందని నాకప్పుడు తెలియదు.

కుస్తీ రోజు పొద్దున డ్యూటీకి పోతూ అవ్వకు చెప్పాను. మా ఊళ్ళో పెళ్ళికొడుకుకు నలుగు పెట్టేది ఆమే. "అవ్వా, పొద్దుమీకి కుస్తి ఉన్నది. నలుగు పేరుకు పెట్టు. బుగ్గకింత పసుపు రాసి ఇడిసిపెట్టు. నూనె ముట్టియ్యకు. ఒంటికి నూనె ఉంటె కుస్తి ఆడనియ్యరు."

"నాకు జెప్పొస్తున్నవా? వాడు పుట్టినప్పుడు పట్టుకున్నది ఎవలు? నీ డాక్టరా?"

"గది కాదే అవ్వా..."

"పో పో, నీ హమాలీలు ఎదురు సూస్తున్నరు."

మధ్యాహ్నం వాణ్ణి తీసుకుపోదామని ఇంటికొచ్చాను. మా వాకిలంతా సాంబ్రాణి పొగ. పొగలోంచి లోపలికి పోతే, నులక మంచం మీద మావాడు. దుప్పటిని మెడ దాకా చుట్టి, చేతులు లోపలికి దోపి, బుగ్గన నల్లచుక్క పెట్టి ఉంది. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మంచం చుట్టూ ఆడవాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటున్నారు, లేస్తాడేమోనని.

"ఏం జేసినవే అవ్వా?" అన్నాను.

"మెల్లగ మాట్లాడు, ఇప్పుడే కన్నంటుకున్నది" అంది అవ్వ. "ఏం జేస్త? పసుపు రాద్దామని చెయ్యేస్తే ఒళ్ళంత రాళ్ళ లెక్క ఉన్నది. నువ్వు తట్టి తట్టి బిడ్డను బండ జేసినవ్. పాపం అనిపించి నువ్వుల నూనె కాచి రుద్దిన. శెనగపిండి పెట్టిన. కాగు నిండ నీళ్ళు కాచి లాల పోసిన. మంచం కింద ఊదు పెట్టిన. గంతే."

"కాళ్ళ మీద ఏసుకొని పోసినవా ఏంది?"

"ఏసుకుంటనే. తలకాయ ఒక్కటే పట్టింది."

అవ్వ మాలిష్ ఎట్లాంటిదో చెప్పాలి మీకు. అరచెయ్యి వెడల్పుగా ఆనించి, పైనుంచి కిందికి, ఊపిరి వదిలినంత మెల్లగా పోతుంది. ఒకచోట మొదలైన చెయ్యి మళ్ళీ అక్కడికి వచ్చేసరికి బిడ్డ సగం నిద్రలో ఉంటుంది. చెవుల వెనక, కనుబొమల మధ్య, అరికాళ్ళ గుంటలో బొటనవేలితో ఊరికే అలా ఆపుతుంది. తర్వాత వేడినీళ్ళు, తర్వాత పొగ. ఆ మాలిష్‌కు ఉన్న ఒకే ఉపయోగం, తల్లి ఇంత అన్నం తినేదాకా బిడ్డ లేవకుండా ఉండడం. పిడికెడు బిడ్డకు చేసేదాన్ని అవ్వ చెరుకు బండి ఎత్తే మనిషికి, ఒంటి కొలతను బట్టి పెంచి మరీ చేసింది.

నేను దుప్పటి లాగి తట్టుడు మొదలుపెట్టాను. భుజాలు, వీపు, పిక్కలు. మావాడు ఒక కన్ను తెరిచి, "అన్నా, ఇంకింత సేపు" అని అటు తిరిగాడు. చల్లనీళ్ళు కొడితే నవ్వాడు. పట్టుకుని నిలబెడితే నిలబడ్డాడు, వదిలితే కూర్చున్నాడు. శనగపిండితో నూనె తుడిచాను. అది వాడి ఒంట్లోకి అప్పటికే ఇంకిపోయింది.

ఇంకేం చేస్తాను? మిల్లుకు పోతున్న చెరుకు బండిని ఆపి దాని మీదికి ఎక్కించాను. చెరుకు గడల మీద కూడా హాయిగా పడుకున్నాడు. గేటు దగ్గర కాటా గుమాస్తా తల ఎత్తకుండా బండిని తూచాడు, చెరుకుతోపాటు పెళ్ళికొడుకు కూడా తూకంలో పోయాడు. ఆ బండి రైతు లాభపడ్డందుకు ఏమీ అనలేదు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. నాకది అప్పుడు తెలియదు, తర్వాత తెలిసింది. నేను అటు దారిన పోతున్నప్పుడే వస్తాదు గోదా చూడబోతే, టౌను పహిల్వాను ఒక్కడే డిస్పెన్సరీకి వచ్చాడు. బస్సులో కిటికీకి తల ఆనించి కునుకు తీస్తే పహిల్వానుకు మెడ పట్టేసిందట. డాక్టరు చూసి, "ఏమీ లేదయ్యా, మా మాలిష్ మనిషి చేత పట్టించుకో, వదిలేస్తుంది" అన్నారు. నేను గదిలో లేను. కంపౌండరు మా ఇంటికి దారి చూపించాడు. పహిల్వాను వచ్చి మా గుమ్మంలో మెడ వంకరగా పెట్టుకుని నిలబడి, "మాలిష్ జేసే ఇల్లు గిదేనా?" అని అడిగాడు. అవ్వ లోపలికి రమ్మంది. ఆమెకు అతనెవరో తెలియదు. నొప్పి అని గుమ్మంలోకి వచ్చినవాణ్ణి నువ్వెవరని ఆమె ఏనాడూ అడగలేదు. కాగులో వేడినీళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. ఊదు కూడా ఆరలేదు.

మైదానం కిక్కిరిసి ఉంది. ముందు వరసలో కుర్చీలో లేబర్ ఆఫీసరు, కళ్ళు రెండు నిప్పుకణాలు. పక్కన మందుల సంచితో డాక్టరు. మరో పక్క పిల్ల తండ్రి, ఆయన వెనక ఆడవాళ్ళ మధ్య పెళ్ళికూతురు. వాళ్ళ బండి ఎడ్లను విప్పకుండానే చెట్టుకింద ఆపి ఉంచాడాయన. నేను మావాణ్ణి లంగోటతో గోదా దగ్గర నిలబెట్టి, వెనకనుంచి ఎవరికీ కనిపించకుండా గిల్లుతున్నాను. అప్పుడు టౌను వస్తాదు వచ్చి వాడి భుజం ముట్టుకుని చేతిని వాసన చూశాడు. ఆయన నాకు నూనె గిన్నె ఇచ్చిన వస్తాదే.

"నూనె!" అని కేక వేశాడు. "ఏందిరా ఇది? నేను నేర్పిన పని గిదేనా? చేప లెక్క జారుతున్నడు. కుస్తి ఖారిజ్!"

కుస్తీ రద్దయితే పెళ్ళీ రద్దే. పిల్ల తండ్రి అప్పుడే లేచి నిలబడ్డాడు. నేను వస్తాదు కాళ్ళు పట్టుకుందామని వంగాను. వంగితే గుప్పున సాంబ్రాణి వాసన కొట్టింది. మావాడు నా వెనక ఉన్నాడు, వాసన ముందునుంచి వస్తోంది. తలెత్తి చూస్తే టౌను పహిల్వాను. ఒళ్ళు నిగనిగలాడుతోంది. మెడ బాగా కదులుతోంది. బుగ్గన నల్లచుక్క ఉంది.

"వస్తాద్, జెర మీ పిల్లగాన్ని కూడ ముట్టుకొని సూడుండ్రి" అన్నాను.

ఆయన ముట్టుకున్నాడు. చేతిని చూసుకున్నాడు. "ఎక్కడ పోయినవ్‌రా?" అని శిష్యుణ్ణి అడిగాడు.

"గీడనే ఒక అవ్వ ఉన్నది వస్తాద్" అన్నాడు పహిల్వాను, కళ్ళు సగం మూసుకుని. "మా అమ్మ యాదికొచ్చింది."

ఇద్దరికీ నూనె ఉంది కాబట్టి ఎవరి ఫిర్యాదూ నిలవలేదు. ఇద్దరినీ గోదా మట్టిలో బాగా దొర్లించి కుస్తీ మొదలుపెట్టమని పంచుగా, అంటే తీర్పరిగా, కూర్చున్న పెద్దాయన తీర్పు చెప్పాడు. దొర్లించడానికి పడుకోబెడితే ఇద్దరూ లేవడానికి కొంచెం తాత్సారం చేశారు. పసుపు, నూనె, మట్టి కలిసి ఇద్దరూ ఒకే రంగుకు వచ్చారు.

నగారా మోగింది. ఇద్దరూ తొడలు చరుచుకుని దగ్గరికొచ్చి ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేశారు. తలకు తల ఆనింది. జనం ఈలలు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. అట్లాగే ఉన్నారు. జనం మొదట, పట్టు కోసం చూస్తున్నారనుకున్నారు. "ఏం పట్టు, ఏం పట్టు, ఇనుము లెక్క ఉన్నది" అని నా పక్కనే ఒకాయన మెచ్చుకుంటున్నాడు. కొంతసేపటికి మావాడి గడ్డం టౌను పహిల్వాను భుజం మీదికి జారింది. అతని చెంప మావాడి తలమీదికి ఒరిగింది. ఇద్దరూ మెల్లగా అటూ ఇటూ ఊగుతున్నారు. నాకు స్పష్టంగా గురక వినిపించింది.

"ఏమయ్యా, వీళ్ళు కుస్తీ పడుతున్నారా, కునుకు తీస్తున్నారా?" అని డాక్టరుగారు లేచి వచ్చారు. ఇద్దరి కనురెప్పలూ ఎత్తి చూశారు, నాడి చూశారు. నా వైపు తిరిగి, "భేషైన నిద్ర. పుస్తకంలో కూడా ఇంత మంచి నిద్ర లేదు. ఎవరు చేశారిది?" అన్నారు.

పంచు పెద్దాయన చప్పట్లు కొట్టాడు, నగారా మళ్ళీ కొట్టించాడు. ఇద్దరూ ఒకరినొకరు వదలకుండా నెమ్మదిగా మోకాళ్ళ మీదికి, అక్కణ్ణుంచి పక్కకు ఒరిగి పడుకున్నారు. ఎవరి వీపూ మట్టికి ఆనలేదు. పెద్దాయన చాలాసేపు చూసి, విసుగొచ్చి, "బరాబర్" అని ప్రకటించాడు. అంటే గెలుపూ లేదు, ఓటమీ లేదు.

పిల్ల తండ్రి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "మాట మాటే. గెలిస్తెనే అన్న. గెలువలే. నడువుండ్రి" అన్నాడు. పెళ్ళికూతురు కదల్లేదు. తల వంచుకుని కూర్చుంది. కళ్ళలో నీళ్ళు కనిపించాయి. మావాడు మాత్రం గోదాలో నవ్వుతూ నిద్రపోతున్నాడు. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. పిల్లలూ, ఒక మనిషి జీవితం మన చేతుల మీదుగా జారిపోతుంటే ఎట్లా ఉంటుందో మీకు తెలియకూడదని కోరుకుంటున్నాను.

అప్పుడు లేబర్ ఆఫీసరు లేచాడు. గోదాలోకి దిగి నిద్రపోతున్న ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో కోపం లేదు. ఆకలిగొన్నవాడు వేరేవాళ్ళ విస్తరి వైపు చూసినట్టుంది.

"నిలబడి నిద్రపోయిండ్రు" అన్నాడు. "నగారా కొడుతుంటే నిద్రపోయిండ్రు. నేను మెత్తటి పరుపు మీద... ఎవరయ్యా? వీళ్ళకు ఇది ఎవరు చేసిండ్రు?"

కుస్తీ చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళలోంచి అవ్వ లేచింది. "నేనే సారూ. ఏమైంది?"

"నాకు చెయ్యి."

అవ్వ ఆయన ముఖం ఎగాదిగా చూసింది. దగ్గరికొచ్చి, అడగకుండానే ఆయన చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. "అయ్యో బిడ్డా, కట్టె లెక్క అయినవ్ గద. జేస్త. గని మా పోరని సంగతి ఏంది?"

"వాడు గెలువలే కదా."

"ఓడిండా?"

"ఓడలే."

"మరి?"

ఆఫీసరు కళ్ళు నులుముకున్నాడు. "ముందు నువ్వు మాలిష్ చెయ్యమ్మా. నాకు నిద్ర పట్టనీ. తర్వాత చూద్దాం" అన్నాడు.

"నిద్ర పట్టినంక మీరెట్ల జెప్తరు సారూ? పండుకున్నోళ్ళు మాట్లాడరు గద. జెప్పేది ఉంటె ఇప్పుడే జెప్పుండ్రి. గా పిల్ల తండ్రి ఎడ్లను మలుపుతున్నడు."

ఆఫీసరు పిల్ల తండ్రి వైపు చూశాడు, గోదాలోకి చూశాడు, అవ్వ చేతుల వైపు చూశాడు. "పర్మనెంటు" అన్నాడు గట్టిగా. "అందరు వినుండ్రి. ఈ పిల్లగాడు రేపటి నుంచి పర్మనెంటు. ఇగ పద అవ్వా."

జనం చప్పట్లకు కూడా ఆ ఇద్దరూ లేవలేదు.

డిస్పెన్సరీలో నా గదిలోనే, నా బల్ల మీదే అవ్వ ఆయనకు మాలిష్ చేసింది. నన్ను బయటికి పొమ్మంది, నా ఊపిరి చప్పుడు ఎక్కువట. ఆమె తలుపు దగ్గరేసి బయటికి వచ్చేసరికి లోపల గురక మొదలైంది. డాక్టరు తలుపు ముందు కుర్చీ వేసుకుని, "ఈ మనిషిని ఎవడైనా లేపాడో, వాడికి ఇంజెక్షనే" అన్నారు. పిల్ల తండ్రి కూడా వచ్చి గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు. మాటంటే మాటే అనేవాడికి ఎదుటివాడి మాట మీద నమ్మకం తక్కువ. "లేచినంక అదే మాటంటడో అనడో. ఇని పోత" అన్నాడు.

సైరన్లు కూశాయి. షిఫ్టులు మారాయి. ఆఫీసరు లేవలేదు. తెల్లవారింది, పందిట్లో మేళం మొదలైంది, పంతులుగారు గడియారం చూస్తున్నారు. ఇక్కడ పిల్ల తండ్రి గడప వదలడు, ఆయన లేకుండా కన్యాదానం కుదరదు. పెళ్ళికొడుకు మాత్రం ఈసారి పూర్తిగా మేలుకుని, పీటల మీద కూర్చుని, ఏమైందో అందరినీ అడిగి తెలుసుకుంటున్నాడు. సరిగ్గా మేళం జోరందుకున్నాక లోపల తలుపు తెరుచుకుంది. ఆఫీసరు వచ్చాడు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ సీజనులో మేమెవరమూ ఆ తెలుపు చూడలేదు.

పిల్ల తండ్రి లేచి చేతులు కట్టుకుని, "సార్, పర్మనెంటు?" అన్నాడు.

"పర్మనెంటే" అన్నాడు ఆఫీసరు, ఒళ్ళు విరుచుకుంటూ. "నిన్నటి మాట నిన్ననే అయిపోయింది. ఏ పనిల వేద్దామా అన్నదే ఇప్పుడు ఆలోచిస్తున్న." ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "సైరన్ గొలుసు లాగే ముసలాయన రిటైరైతున్నడు. అక్కడ వేస్త. నిలబడి నిద్రపోయే మనిషి కద, నిలబడి చేసే పనే ఇద్దాం."

పిల్ల తండ్రి ముఖం చూడాలి. పర్మనెంటు దొరికింది, కాని దొరికింది ఊరందరినీ వేళకు లేపే ఉద్యోగం. పందిట్లోకి వస్తూ కూతురి చెవిలో ఆ సంగతే చెప్పాడు. ఆమె తల వంచుకునే, "నేను లేపుత బాపూ" అంది. తాళి పడింది. టౌను పహిల్వాను ఆఖరి బస్సు పోయేదాకా నిద్రపోయాడు కాబట్టి పెళ్ళి భోజనానికి ఉన్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అవ్వ కాళ్ళు మొక్కి, మళ్ళీ మెడ పట్టేస్తే వస్తానన్నాడు.

ఆ తర్వాత నా గదిలో రెండు బల్లలు పడ్డాయి. ఒకటి నాది, ఒకటి అవ్వది. షిఫ్టు ఎక్కేవాళ్ళు నా దగ్గరికి, షిఫ్టు దిగేవాళ్ళు ఆమె దగ్గరికి. డాక్టరుగారు ప్రతి మనిషినీ ముందు ఒకే ప్రశ్న అడగమన్నారు, "ఇక్కణ్ణుంచి ఎటు పోతున్నావు?" అని. పనికి పోయేవాడికి ఒక చెయ్యి, పరుపు మీదికి పోయేవాడికి ఇంకో చెయ్యి. మీ పుస్తకంలోని రకాలన్నీ నేర్చుకోండి పిల్లలూ, కాదనను. కాని చెయ్యి వేసేముందు ఆ ఒక్కటీ అడగండి. అడగకపోతే పహిల్వాన్లు గోదాలో పడుకుంటారు, ఆఫీసర్లు మెమోలిస్తారు.

మావాడు రిటైరయ్యేదాకా సైరన్ ఒక్కరోజు ఆలస్యం కాలేదు. తెల్లవారుజామున ఎదురింట్లో ముందు పెళ్ళాం కేక వినిపించేది, తర్వాత చెంబు చప్పుడు, తర్వాత వాడు పరుగెత్తే చప్పుడు, ఆ తర్వాత ఊరంతా అదిరేటట్టు కూత. అవ్వ అప్పటికే వాకిట్లో పీట మీద కాళ్ళు చాపుకుని, ఎవరో ఒకరి పసిగుడ్డుకు లాల పోస్తుండేది. కూత వినగానే బిడ్డ ఉలిక్కిపడేది. అవ్వ తడిచేత్తో దాని గుండె మీద మెల్లగా అదిమి, "ఏం లేదు బిడ్డా, భయపడకు. మనోడే, లేచిండు" అనేది.